మద్దెల నిజంగానే ఓడైతే



సాయంత్రం ఆరు దాటింది. పద్నాలుగేళ్ళ అమ్మాయి చాప పరుచుకుని వీణ ముందు కూర్చుంది. తోడి రాగం సాధన. గాంధారం దగ్గర తీగను పక్కకు లాగి ఊపాలి. పొద్దున గురువుగారింట్లో, వాళ్ళ వీణ మీద ఆ గాంధారం నిండుగా ఊగింది. ఇప్పుడూ అదే చెయ్యి, అదే లాగడం. కాని తీగ మెట్టుకు తగిలి జిర్రుమంది, నాదం సగంలోనే ఆగిపోయింది. మళ్ళీ లాగింది. మళ్ళీ జిర్రు. “అమ్మా, ఈ వీణతో ఇక లాభం లేదు, కొత్తది కొనరాదూ” అంది. వంటింట్లోంచి నాయనమ్మ గొంతు వినిపించింది: “ఆడలేక మద్దెల ఓడందట!”

ఈ సామెత వినకుండా సంగీతం నేర్చుకున్న తెలుగు పిల్లలు తక్కువ. సాధన ఎగ్గొట్టేవాళ్ళను దారిలో పెట్టడానికి అది బాగానే పనికొస్తుంది. కాని ఒక్కోసారి అది అన్యాయం కూడా చేస్తుంది. మద్దెల నిజంగానే ఓడైతే? పిల్ల చెప్పింది నిజమైతే? ఏళ్ళ తరబడి వేళ్ళు కాయలు కాచేలా నేర్చుకున్న గమకం చేతిలో ఉండి కూడా చెవికి అందకపోతే, ఆ పిల్ల తప్పు తనదే అనుకుంటుంది. కొన్నాళ్ళకు వీణకు గుడ్డ కప్పి మూలకు చేర్చేస్తుంది. మరోవైపు, సరళీ స్వరాలు దాటకముందే ఖరీదైన వాద్యం కొనిపెట్టిన ఇళ్ళూ ఉన్నాయి. అక్కడ ఆ వాద్యం అటకెక్కింది. వాద్యం ఎప్పుడు మార్చాలి, ఎలా మార్చాలి, అసలు మార్చాలా అన్నది ఈ రెండిళ్ళకూ అవసరమైన సంగతే.

అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసింది ఒకటుంది. లోపం వాద్యంలో ఉందా, వాద్యాన్ని ఉంచిన తీరులో ఉందా?

వీణనే తీసుకుందాం. దండి మీద 24 మెట్లుంటాయి, స్థాయికి 12 చొప్పున రెండు స్థాయిలు. గిటారు మెట్లలాగా ఇవి కర్రలోకి దిగగొట్టినవి కావు. దండి పొడుగునా రెండు వైపులా నల్లటి మైనపు గట్లు కట్టి, వాటి మీద కూర్చోబెట్టినవి. ఆ మైనం ఎండాకాలం మెత్తబడుతుంది, ఏళ్ళు గడిచేకొద్దీ పెళుసెక్కుతుంది. రోహిణీ కార్తెలో ఎండపొడ తగిలే కిటికీ పక్కన వీణ ఉంటే, మెట్టు వెంట్రుకవాసి కదలడానికి ఒక్క మధ్యాహ్నం చాలు. కదిలిన మెట్టు మీద అపస్వరమే పలుకుతుంది. అది చాలదన్నట్టు, తీగ ఏళ్ళ తరబడి రాసుకున్న చోట మెట్టు లోహం మీద సన్నటి గాడి పడుతుంది. తీగ ఆ గాడిలోకి దిగి, పక్కనున్న ఎత్తైన మెట్టుకు తగులుతుంది. సాయంత్రం ఆ అమ్మాయికి వినిపించిన జిర్రు ఇదే కావచ్చు. అలాంటప్పుడు వీణ మార్చనక్కరలేదు. మేళం కట్టించాలి.

మేళం కట్టడం అంటే మెట్లను తిరిగి శ్రుతిలో నిలబెట్టడం. అది చూసి తీరవలసిన పని. వీణ చేసే ఆచారి పాత మైనం గీకేసి, కొత్త మైనం కరిగించి, మసి కలిపి గట్లు పోస్తాడు. మెట్ల మీది గాళ్ళను ఆకురాయితో సాపు చేస్తాడు. ఒక్కో మెట్టునూ గట్టు మీద ఆనించి తీగ మీటుతాడు. పక్కన తంబూరా మోగుతూనే ఉంటుంది. స్వరం కాస్త ఎక్కువగా వినిపిస్తే, వేడిచేసిన ఇనుప కడ్డీని మెట్టు కింద మైనానికి తాకించి, బొటనవేలితో మెట్టును కాస్త నెడతాడు. ఎంత నెట్టాడో కంటికి కనిపించదు, చెవికి మాత్రం తెలుస్తుంది. మొదటి తీగైన సారణి మీద కుదిరిన మెట్టు పంచమం తీగ మీద కుదరకపోతే మళ్ళీ మొదటికి. పై స్థాయికి వెళ్ళేకొద్దీ మెట్లు దగ్గర దగ్గరవుతాయి కాబట్టి అక్కడ ఆవగింజంత తేడా కూడా చెవిలో ముల్లులా గుచ్చుకుంటుంది. ఇలా 24 మెట్లు. ఈ పని పూర్తయ్యాక పాత వీణ మీటి చూసిన చాలామంది, ఇది మన వీణేనా అని అడుగుతారు.

తీగల సంగతీ అంతే. మన కోస్తా గాలిలో ఉప్పుతేమ ఉంటుంది, వేళ్ళకు చెమట ఉంటుంది, వైణికులు వేలికి రాసుకునే కొబ్బరినూనె ఉంటుంది. ఈ మూడూ కలిసి ఉక్కుతీగకు తుప్పు, చుట్టుతీగకు మురికి పట్టిస్తాయి. తెగేదాకా తీగ మార్చనివాళ్ళు, తెగడానికి చాలాకాలం ముందే దాని నాదం పోయిందని గమనించరు. తీగలను మోసే గుర్రం మీది లోహపు రేకు అరిగినా నాదం మొద్దుబారుతుంది. ఇవన్నీ కొత్త వీణ ఖరీదులో చిన్న వంతుకే బాగయ్యేవి.

మృదంగం వాయించేవాళ్ళకు ఈ విషయం ఒకరు చెప్పనక్కరలేదు. పనసకర్ర కట్టు తరాల తరబడి నిలుస్తుంది. మారేవి మూతలు. మధ్యనున్న నల్లటి కరణి పగిలి రాలితే మూత మార్పిస్తారు కాని మృదంగాన్ని పారేయరు. వయొలిన్‌లో ఇదే తర్కం ఇంకా సున్నితం. తీగల్ని మోసే బ్రిడ్జి వంగినా, పొట్టలో పైకప్పుకూ అడుగుకూ మధ్య ఏ జిగురూ లేకుండా నిలబడే సౌండ్ పోస్ట్ అనే చిన్న కర్ర ముక్క ఒక మిల్లీమీటరు జరిగినా, మంచి వయొలిన్ కూడా గొంతు పట్టేసినట్టు పలుకుతుంది. ఇక కమాను. దాని గుర్రపు వెంట్రుకలు అరిగి నున్నబడితే ఎంత రోజిన్ రాసినా తీగను పట్టవు. వెంట్రుకలు మార్పించి, తీగలు మార్చి, సౌండ్ పోస్ట్ సరిచేయించాక ఒక నెల వాయించి చూడాలి. వయొలిన్ మార్చాలనుకున్న ఎందరికో నిజానికి కావలసింది మంచి కమానే. బ్రెజిల్ అడవుల పెర్నాంబుకో కర్రతో చేసిన కమానులకు పెద్ద పేరుంది. ఆ చెట్లు తరిగిపోతున్నందువల్ల కార్బన్ ఫైబర్ కమానులు వచ్చాయి. వాటిలో మంచివి విద్యార్థికి చాలాకాలం సరిపోతాయి.

ఇంత చేశాక కూడా చెయ్యి అడిగింది వాద్యం పలకకపోతే, అప్పుడు మద్దెల ఓడే. ఒప్పుకోవాలి.

కొన్ని సందర్భాల్లో ఈ మాటకు వాదనే లేదు. దండి వంగిపోయి, కొన్ని మెట్ల దగ్గర తీగ మరీ ఎత్తుగా, కొన్నిటి దగ్గర మరీ తక్కువగా ఉన్న వీణను మేళం కాపాడలేదు. వీణ కుండ పగిలి, చీలిక లోపలి దాకా పాకితే అతుకు వేయించవచ్చు కాని నాదం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. వయొలిన్ నేర్చుకునే పిల్లల విషయంలో కొలతే తీర్పు చెబుతుంది. పావు, అర, ముప్పావు, పూర్తి, ఇలా సైజులున్నాయి. పూర్తి సైజు వయొలిన్ పొట్ట పొడవు సుమారు 14 అంగుళాలు. మన పద్ధతిలో కింద కూర్చుని, వయొలిన్ తలను కుడిపాదం చీలమండ దగ్గర ఆనించి వాయిస్తారు కాబట్టి, నిలబడి వాయించే పాశ్చాత్య పద్ధతిలో కన్నా పిల్లలు కొంత పెద్ద వయొలిన్‌తో నెట్టుకురాగలరు. నెట్టుకురావడం వేరు, హాయిగా వాయించడం వేరు. చిటికెనవేలు స్వరాన్ని అందుకోవడానికి మణికట్టు మెలిపెట్టవలసి వస్తే వాద్యం పెద్దదైంది. వేళ్ళు ఒకదాని మీద ఒకటి ఇరుక్కుంటుంటే చిన్నదైంది. ఎదిగే పిల్లలకు చిన్న సైజులు ఒకటి రెండేళ్ళ ముచ్చటే. వాటిని పాతవి కొని, వాడి, మరొక పిల్లకు అమ్మేయడమే మేలు. డబ్బు పెట్టవలసింది పూర్తి సైజు దగ్గర.

కష్టమైన సందర్భం ఇంకొకటి. వాద్యం బాగానే ఉంటుంది, చెయ్యీ బాగానే ఉంటుంది. కాని చెయ్యి పెరిగిపోయి ఉంటుంది. దీనికి మన నేల మీద పుట్టిన గొప్ప ఉదాహరణ ఉంది.

పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ చిన్నతనంలోనే తండ్రి సత్యనారాయణ మాండలిన్ అందుకున్నాడు. అది పాశ్చాత్య వాద్యం, జంటకు రెండు తీగల చొప్పున నాలుగు జంటలు, ఎనిమిది తీగలు. గురువు రుద్రరాజు సుబ్బరాజుకు మాండలిన్ రాదు. ఆయన గాత్రం పాడేవారు, పిల్లవాడు విన్నది వాద్యం మీద పలికించేవాడు. ఇబ్బంది ఎక్కడ వచ్చిందో వాద్యం కట్టుబడి చూస్తే అర్థమవుతుంది. జంట తీగలను ఒకే వేలితో నొక్కి పక్కకు లాగితే రెండూ సమానంగా లాగబడవు. ఒకటి ఒక శ్రుతికి, ఇంకొకటి మరొక శ్రుతికి పోతుంది. గమకం చెదిరిపోతుంది. పైగా మాండలిన్ నాదం మీటిన వెంటనే సన్నగిల్లుతుంది. పాశ్చాత్యులు అందుకే ఒకే స్వరాన్ని గబగబా పదేపదే మీటుతారు. కర్ణాటక సంగీతంలో ఒక్క మీటుకు స్వరం నిలవాలి, ఊగాలి, జారాలి. గాత్రం విని నేర్చుకున్న చెయ్యి అడిగేది అదే. ఎనిమిది తీగల మాండలిన్ ఇవ్వలేనిదీ అదే.

శ్రీనివాస్ మాండలిన్ వదలలేదు, దాన్ని మార్చుకున్నారు. జంటలు తీసేసి ఒంటి తీగలు పెట్టుకున్నారు. మంద్రస్థాయి కోసం ఐదో తీగ చేర్చుకున్నారు. నాదం నిలబడడానికి ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టారు. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో తొలి కచేరీ చేసినప్పుడు ఆయన వయసు తొమ్మిదేళ్ళు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించారు. 1998లో పద్మశ్రీ వచ్చింది. 2014లో, 45 ఏళ్ళకే కన్నుమూశారు. ఈరోజు కర్ణాటక సంగీతంలో మాండలిన్ అంటే ఆయన మార్చుకున్న ఆ మాండలినే.

ఇందులో గమనించవలసింది వరస. పాట ముందు వచ్చింది, పాట వల్ల లోటు తెలిసింది, ఆ లోటుకు తగ్గట్టు వాద్యం మారింది. వాద్యం మార్చాలనుకునే విద్యార్థి తనను తాను అడగవలసింది కూడా ఇదే: ఇప్పటి వాద్యం మీద ఏది పలకడం లేదో పేరు పెట్టి చెప్పగలనా? “తోడి గాంధారం నిలవడం లేదు”, “అనుమంద్రం తీగ మీద తానం ముద్దగా వినిపిస్తోంది”, “ఒకే మెట్టు మీద మూడో స్వరం దాకా లాగితే తీగ జారిపోతోంది.” ఇలా చెప్పగలిగితే మార్చే సమయం దగ్గరపడినట్టే. “ఎందుకో బాగా లేదు” అన్న మాట దగ్గరే ఆగిపోతే ఇంకొన్నాళ్ళు సాధన చెయ్యాలి, గురువుగారి చేత ఆ వాద్యాన్ని వాయింపించి వినాలి. గురువుగారి చేతిలో అదే వీణ మీద ఆ గాంధారం పలికితే విషయం తేలిపోతుంది. వారి చేతిలోనూ పలకకపోతే కూడా తేలిపోతుంది.

వాద్యం మారితే సంగీతం ఎంత దూరం వెళ్ళగలదో చరిత్రలోనూ కనిపిస్తుంది. పూర్వపు వీణల్లో రాగాన్ని బట్టి మెట్లు జరుపుకునే పద్ధతి ఉండేది. 17వ శతాబ్దం తొలినాళ్ళలో తంజావూరును ఏలిన రఘునాథ నాయకుడు తెలుగు కవి, స్వయంగా వైణికుడు. మెట్లు జరపకుండానే అన్ని రాగాలూ పలికేలా 24 స్థిరమైన మెట్ల వీణ ఆయన కాలంలో రూపుదిద్దుకుందని సంగీత చరిత్ర చెబుతుంది. నేటి మన వీణ దాని వారసురాలే.

నాగస్వరానిదీ ఇలాంటి కథే. ఒకప్పుడు వాడుకలో ఉన్నది తిమిరి నాగస్వరం. పొట్టిది, శ్రుతి ఎక్కువ. ఇరవయ్యో శతాబ్దంలో టి.ఎన్. రాజరత్నం పిళ్ళై పొడవైన, తక్కువ శ్రుతి గల బారి నాగస్వరాన్ని నిలబెట్టారు. దాన్ని చెక్కింది నరసింగంపేట రంగనాథన్ ఆచారి. రాగాలాపన గంటల తరబడి సాగించే ఆ విద్వాంసుడికి కావలసిన గంభీరమైన గొంతు అందులో దొరికింది. ఆ బాణీ ఒంగోలు దగ్గరి కరవది గ్రామానికి చెందిన షేక్ చిన మౌలానాను కట్టిపడేసింది. ఆయన ఆ సంగీతం వెంట వెళ్ళి శ్రీరంగంలో స్థిరపడ్డారు. వాయించేవాడూ చెక్కేవాడూ కలిసి కూర్చుని వాద్యాన్ని పెంచిన ఉదాహరణ ఇది. మంచి వాద్యం కావలసినవాళ్ళు చేసేవాళ్ళ ఇంటి గడప తొక్కాలనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

తెలుగువాళ్ళకు ఆ గడప దగ్గరలోనే ఉంది. విజయనగరం జిల్లాలో బొబ్బిలి, దాని పక్కనే గొల్లపల్లి. సర్వసిద్ధి ఇంటిపేరు గల కుటుంబాలు అక్కడ తరతరాలుగా వీణలు చేస్తున్నాయి. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. దాని గొప్పతనం ఏకాండంలో ఉంది. కుండ, దండి, మెడ అన్నీ ఒకే పనసమాను నుంచి తొలుస్తారు. తంజావూరులో ఎక్కువగా వీటిని విడిగా చేసి అతుకుతారు, ఏకాండం అక్కడ అరుదు. అతుకు లేని కర్రలో నాదం అడ్డు లేకుండా పారుతుందని బొబ్బిలి పనివారి నమ్మకం. నూజివీడు కూడా వీణలకు పేరుపడిన ఊరే. ఒక్క జాగ్రత్త. గొల్లపల్లిలో జ్ఞాపికలుగా ఇచ్చే చిన్న వీణలు కూడా చేస్తారు. అవి అలమారలో పెట్టుకోవడానికి. వాయించే వీణ అడిగి చేయించుకోవాలి.

చేయించుకునేటప్పుడు, లేదా సిద్ధంగా ఉన్న వీణ ఎంచుకునేటప్పుడు, కంటికి కనిపించే నగిషీని చివరికి వదిలేయాలి. వీణ చివరి యాళి ముఖం మీద ఎన్ని పువ్వులు చెక్కినా గాంధారం మీద ఒక్కటీ వినిపించదు. ముందు కుండను వేళ్ళతో తట్టి వినాలి. బాగా ఎండిన పనస ఖంగుమంటుంది, పచ్చిదనం ఉన్నది దబ్బుమంటుంది. తరవాత శ్రుతి చేసి, సారణి మీద మొదటి మెట్టు నుంచి 24వ మెట్టు దాకా ఒక్కొక్కటీ మెల్లగా మీటుకుంటూ వెళ్ళాలి.  ఒకే మెట్టు మీద తీగను మూడు నాలుగు స్వరాల దాకా లాగి చూడాలి. నాదం చచ్చిపోతోందా, పక్క మెట్టును గీరుతోందా? అనుమంద్రం మీటి, నాదం పూర్తిగా మాసిపోయేదాకా నోరు మెదపకుండా వినాలి. అదే పని రెండో వీణ మీద, మూడో వీణ మీద చెయ్యాలి. తీగల బిరడలు బిగించి అరగంట కబుర్లు చెప్పుకుని మళ్ళీ మీటాలి. శ్రుతి జారితే బిరడ నిలవడం లేదన్నమాట. దండి చుట్టూ ఎడమచెయ్యి తిప్పి, చిన్న చేతులకు అది లావైందో లేదో చూసుకోవాలి. పెద్దవాళ్ళ కొలతలకు చేసిన వీణ పన్నెండేళ్ళ పిల్ల భుజాన్ని ఎలా పైకి ఎత్తిస్తుందో పక్కనున్నవాళ్ళకే కనిపిస్తుంది, వాయించే పిల్లకు తెలియదు.

రెండు పనులు తప్పక చెయ్యాలి. తనకు బాగా వచ్చిన ఒకే కీర్తనను అన్ని వాద్యాల మీదా వాయించాలి. అలాగే, మరొకరి చేత వాయింపించి పది అడుగుల దూరం నుంచి వినాలి. ఒళ్ళో ఉన్న వీణ ఒకలా వినిపిస్తుంది, సభలో కూర్చున్నవాడికి మరోలా. వాద్యం అమ్మేవాడు ధర చెప్పకముందే వింటే ఇంకా మంచిది.

ధర, పేరు చెవిని ఎలా ఏమారుస్తాయో తేల్చిన ప్రయోగం ఒకటుంది. 2010లో అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో, అంతర్జాతీయ వయొలిన్ పోటీ జరుగుతున్న సమయంలో, ఫ్రాన్స్ శాస్త్రవేత్త క్లాడియా ఫ్రిట్జ్, వయొలిన్ తయారీదారు జోసెఫ్ కర్టిన్ తదితరులు ఒక హోటల్ గదిలో 21 మంది వయొలిన్ విద్వాంసుల్ని పరీక్షించారు. ఆరు వయొలిన్లు. మూడు కొత్తవి. మూడు ఇటలీ పాతవి, వాటిలో రెండు స్ట్రాడివారి చేసినవి, ఒకటి గ్వార్నేరి చేసింది. గదిలో మసక వెలుతురు, వాయించేవాళ్ళ కళ్ళకు నల్ల అద్దాలు, పాత కర్ర వాసన పసిగట్టకుండా గడ్డం ఆనించే చోట అత్తరు. ఎక్కువమంది ఇష్టపడ్డది కొత్తవాటిలో ఒకటి. అందరికన్నా తక్కువమంది మెచ్చింది ఒక స్ట్రాడివారి. 2012లో పారిస్ దగ్గర పదిమంది పేరున్న విద్వాంసులతో మళ్ళీ చేశారు, ఆరు పాతవి, ఆరు కొత్తవి. పదిమందిలో ఆరుగురు కొత్త వయొలిన్‌నే ఎంచుకున్నారు. ఏది పాతదో ఏది కొత్తదో చెప్పమంటే చెప్పలేకపోయారు.

కోట్ల విలువైన వయొలిన్ల దగ్గరే చెవి ఇలా తీర్పిస్తే, మన ఊరి దుకాణంలో రెండు వయొలిన్ల మధ్య ధర తేడా చూసి నాదం తేడా ఊహించుకుని మోసపోవడం సులువు. పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. విద్యార్థి అటు తిరిగి కూర్చోవాలి, గురువుగారు ఒకదాని తరవాత ఒకటి వాయించాలి. ఏది నచ్చిందో కాగితం మీద రాసుకుని, మర్నాడు వరస మార్చి మళ్ళీ చెయ్యాలి. రెండు రోజులూ ఒకటే గెలిస్తే అది కొనవచ్చు.

ఇక సమయం. పరీక్షకో, అరంగేట్రానికో నెల ముందు వాద్యం మార్చకూడదు. కొత్త వీణ మీద మెట్ల మధ్య దూరం పిసరంత వేరుగా ఉంటుంది, తీగ బిగువు వేరు, గుర్రం ఎత్తు వేరు. పదేళ్ళుగా వేళ్ళు గుర్తుపెట్టుకున్న లెక్క మారుతుంది. కొన్ని వారాలపాటు గమకాలు స్వరం దాటిపోతాయి, లేదా అందవు. ఆ కొన్ని వారాల్లోనే, పొరపాటు చేశామేమో అన్న బెంగ కూడా పట్టుకుంటుంది. అది సహజమని ముందే తెలిస్తే ఇంట్లో గొడవలుండవు. కొత్త పనసకర్ర కూడా తీగల బరువుకు సర్దుకుంటుంది కాబట్టి, కొన్న ఏడాదిలోపు ఒకసారి మేళం చూసిపెట్టాలని చేసినవారి దగ్గర ముందే మాట తీసుకోవాలి. చేతిలో ఉన్న డబ్బంతా వాద్యానికే పెట్టకుండా, పెట్టెకూ తీగలకూ ఆ మేళానికీ కొంత అట్టిపెట్టుకోవాలి.

దూరదేశాల్లో ఉన్న తెలుగువాళ్ళ లెక్క వేరు. డాలస్‌లోనో, మెల్‌బోర్న్‌లోనో పిల్లలు వీణ నేర్చుకుంటున్నారు. మేళం కట్టే ఆచారి వీధి చివర ఉండడు. చలికాలం ఇంట్లో హీటర్ తిరిగితే గాలి ఎండిపోతుంది, పనసకర్ర చీలుతుంది. గదిలో గాలి తేమ నలభై నుంచి అరవై శాతం మధ్య ఉండేలా చూసుకుంటే వీణకు ముప్పు తక్కువ. విమానంలో తీసుకెళ్ళడానికి సొరబుర్ర ఊడదీసే ఏర్పాటు ఉన్నవి, దండి విడదీసే కట్టుబడి ఉన్నవి దొరుకుతున్నాయి. మైనం లేని ఎలక్ట్రానిక్ వీణలూ వచ్చాయి, ప్రయాణంలో సాధనకు అవి అక్కరకొస్తాయి. తాతల నాటి వీణను వెంట తీసుకెళ్ళాలనుకునేవాళ్ళు దాని మీది తెల్లటి నగిషీ దేనితో చేసిందో ముందు చూపించుకోవాలి. ఏనుగు దంతం వ్యాపారం మన దేశంలో నిషిద్ధం, దాన్ని సరిహద్దులు దాటించడానికి చట్టాలు అడ్డొస్తాయి. అలాంటి వీణ ఇంట్లోనే ఉండిపోవడం మంచిది.

మళ్ళీ ఆ సాయంత్రపు ఇంటికి వద్దాం. ఆ అమ్మాయి వీణ మేళానికి వెళ్ళింది అనుకుందాం. గాళ్ళు పోయాయి, తీగలు మారాయి. జిర్రు పోయింది. కొత్త వీణ అక్కరలేకపోయింది. మూడేళ్ళు గడిచాయి. ఇప్పుడా అమ్మాయి రాగం, తానం, పల్లవి వాయిస్తోంది. ఈసారి ఆమె “ఈ వీణ పనికిరాదు” అనలేదు. “మంద్రంలో తానం వాయిస్తే స్వరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయి నాయనమ్మా, విను” అని వాయించి చూపించింది. గురువుగారు కూడా అదే వీణ మీద వాయించి, అవునన్నారు. ఇంట్లో ఎవరూ సామెత ఎత్తలేదు. వేసవి సెలవుల్లో, పరీక్షలన్నీ అయిపోయాక, బొబ్బిలి ప్రయాణం కట్టారు.

పాత వీణను అమ్మలేదు. మళ్ళీ ఒకసారి మైనం సరిచేయించి, పిన్నిగారింటికి పంపారు. అక్కడ ఏడేళ్ళ చెల్లెలు కొత్తగా చాప పరుచుకుని కూర్చుంది. చూపుడువేలితో సారణి మీటింది. ‘సా’ మోగింది. అది మాసిపోయేదాకా ఆగి, మళ్ళీ మీటింది.